ఉద్దానంలో జబ్బు రాని ఊళ్ల లెక్క ఏది?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం అనగానే కిడ్నీ జబ్బు, డయాలసిస్ బెడ్లు, పింఛన్లు, హిరమండలం నుంచి వచ్చే తాగునీటి పైపులైనే గుర్తొస్తాయి. పలాసలో 200 పడకల ఆస్పత్రి వచ్చింది, మంచిదే. కానీ కవిటి, సోంపేట, కంచిలి వైపు కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ తేలలేదు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, నొప్పి మాత్రలన్నారు. జబ్బున్న చోటే వెతికితే ఇది తేలదు.

1854లో లండన్‌లో కలరా చెలరేగితే, జాన్ స్నో అనే డాక్టరు ఏ ఇంట్లో ఎందరు పోయారో మ్యాప్ మీద గీతలు పెట్టాడు, అవన్నీ బ్రాడ్ స్ట్రీట్‌లోని నీటి పంపు చుట్టూ పేరుకున్నాయి. ఇది అందరూ చెప్పుకునే కథే. నాకు ముఖ్యమనిపించేది మిగతా సగం. ఆ పక్కనే పేదల వసతి గృహంలో ఐదు వందల మందికి పైగా ఉంటే పోయింది ఐదుగురు, ఎందుకంటే వాళ్లకు సొంత బావి ఉంది. బీరు తయారుచేసే కూలీలు ఆ పంపు జోలికే పోలేదు, బతికారు. ఎక్కడో దూరాన హాంప్‌స్టెడ్‌లో ఒకావిడ మాత్రం ఆ నీళ్లే ఇష్టమని బండి మీద తెప్పించుకుని తాగి చనిపోయింది.

ఉద్దానంలో కావాల్సింది ఇలాంటి మ్యాపే. మండలం మొత్తానికి ఎర్ర రంగు పూస్తే ఏమీ తెలియదు. ఏ వీధి, ఏ బోరు, ఎంత లోతు, ఇంట్లోవాళ్లు కొబ్బరి తోటకు పోతారా జీడి తోటకు పోతారా, జబ్బు లేని పక్క ఊళ్లో ఇవే ఎలా ఉన్నాయి? ఒకే బోరు నీళ్లు తాగే రెండు వీధుల్లో ఒకదానికే జబ్బొస్తే అనుమానం నీళ్ల మీంచి పని మీదకు మళ్లాలి. ఈ జబ్బు ఏళ్ల తరబడి ముదురుతుంది కాబట్టి ఇవాళ్టి కుళాయి నీళ్లు కాదు, పదిహేనేళ్ల కిందట ఏ బావి నీళ్లు తాగారో కావాలి. పైపు నీళ్లొచ్చాక పాత బావులు పూడ్చేస్తే ఆ సాక్ష్యం కూడా పోతుంది. పెద్దవాళ్లకు గుర్తున్నప్పుడే రాసుకోవాలి.

ఊరి పేరు బయటపడితే పిల్లలకు సంబంధాలు రావంటారు. ఆ బాధ నిజమే. పేర్లు తీసేసి, ఇంటి గుర్తును కాస్త పక్కకు జరిపి మ్యాప్ వేసే పద్ధతులున్నాయి, వాడుకోవచ్చు.

అసలు జబ్బు మన డేటా పద్ధతిదే. ప్రజల డబ్బుతో సేకరించిన వివరాలు ఆఫీసు పీడీఎఫ్‌లలో మగ్గుతుంటాయి. 2021 జనగణన ఆ ఏడాది జరగనే లేదు, ఊరికి ఎంతమందో తెలియకుండా వందకు ఎందరికి జబ్బో ఎలా చెబుతారు? మ్యాపుల మీద ఆంక్షలు కేంద్రమే 2021లో సడలించింది కాబట్టి ఆ సాకు కూడా లేదు. పరీక్షలకు రక్తం ఇచ్చింది ఆ ఊళ్లవాళ్లు. బోర్లవారీగా నీటి పరీక్షలు, ఊళ్లవారీగా క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఫలితాలు, జబ్బు రాని ఊళ్లవి కూడా కలిపి, ఎవరైనా దించుకునేలా జిల్లా వెబ్‌సైట్‌లో పెట్టాలి.