అంత దూరం వెళ్ళాక చూడకుండా వస్తామా?

బద్రీనాథ్ గుడి తలుపులు ఎప్పుడు తెరవాలో వసంత పంచమి నాడు నరేంద్రనగర్ రాజభవనంలో పంచాంగం చూసి చెబుతారు. కేదార్‌నాథ్ ముహూర్తం శివరాత్రికి ఊఖీమఠ్‌లో ఖరారవుతుంది. యమునోత్రి, గంగోత్రి మామూలుగా అక్షయ తృతీయకు తెరుచుకుంటాయి. దేవుళ్ళు ఇలా తిథి కోసం, వారం కోసం ఓపిక పడతారు. ఈ నాలుగు గుళ్ళ యాత్రకు, అదే చార్‌ధామ్‌కు, మన అపార్ట్‌మెంట్లలో వాట్సాప్ గ్రూపు మాత్రం సంక్రాంతి అరిసెలు ఇంకా డబ్బాలో ఉండగానే పుట్టేస్తుంది. డీపీలో కేదార్‌నాథ్ గుడి, వెనక మంచుకొండ. పుట్టిన గంటకు గుడ్ మార్నింగులు మొదలు. మర్నాటికల్లా ఎవరో ఒకరు ఆ మాట అననే అంటారు.

"అంత దూరం వెళ్ళాక అది చూడకుండా వస్తామా?"

ఈ సిద్ధాంతాన్ని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, తెలుగువాడి తీర్థయాత్రలన్నీ దీని మీదే నడుస్తున్నాయి. తిరుపతి వెళ్ళాక కాళహస్తి చూడకుండా ఎలా? కాళహస్తి చూశాక కాణిపాకం వదిలేస్తే వినాయకుడు ఏమనుకుంటాడు? అంత దూరం వెళ్ళాక అరుణాచలం ఎంతలే? అక్కడిదాకా బాగానే ఉంది. రోడ్డుంది, బస్సుంది, దిగినచోటల్లా ఇడ్లీ ఉంది. ఇదే సిద్ధాంతాన్ని కేదార్‌నాథ్ ఉన్న 11,700 అడుగుల ఎత్తుకు మోసుకెళ్తేనే చిక్కు.

మా యాత్రా కమిటీ మొదటి సమావేశం సెల్లార్‌లో, జనరేటర్ పక్కన, ప్లాస్టిక్ కుర్చీల్లో జరిగింది. టూర్ ఏజెంటు కుర్రాడు పన్నెండు రోజుల కాగితం పట్టుకొచ్చాడు. హరిద్వార్, బార్కోట్, జానకీచట్టి నుంచి యమునోత్రికి నడక, ఉత్తరకాశీ, గంగోత్రి, గుప్తకాశీ, కేదార్‌నాథ్, పీపల్‌కోటి, బద్రీనాథ్. పద్ధతి ప్రకారమే, పడమటి నుంచి తూర్పుకి. అయితే మధ్యలో ఒకచోట "విశ్రాంతి" అని రాశాడు. సభ ఉలిక్కిపడింది.

"డబ్బులు కట్టి మరీ పడుకోడానికి వెళ్తున్నామా బాబూ?" అన్నారు మూడో అంతస్తు రిటైర్డ్ ఇంజనీరుగారు.

"పైన ఆక్సిజన్ తక్కువ సార్, ఒంటికి అలవాటు కావాలి."

"నేను శ్రీశైలం ప్రాజెక్టులో పనిచేశానయ్యా."

దాంతో వైద్యశాస్త్రం నోరు మూసుకుంది. విశ్రాంతి కొట్టేశారు. ఆ ఖాళీలోకి మంచుకొండల ఔలి వచ్చింది. ఔలి వచ్చాక ముస్సోరీ చేసిన పాపమేంటి? ముస్సోరీ దాటితే కెంప్టీ జలపాతం ఎలాగూ దారిలోనే. ఇంతలో రెండో అంతస్తు వదినగారికి వైష్ణోదేవి మొక్కు గుర్తొచ్చింది. "అదీ కొండే, ఇదీ కొండే, పక్కపక్కనే కదండీ" అన్నారు. ఫోన్లో మ్యాపు తెరిచి రెండు వేళ్ళతో దగ్గరికి లాగితే నిజంగానే పక్కపక్కకు వచ్చాయి. వైష్ణోదేవి ఖాయమయ్యాక అమృత్‌సర్, అమృత్‌సర్ అయ్యాక వాఘా సరిహద్దు. "జెండా దించుతుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుందండీ" అని సెక్రటరీగారు హామీ ఇచ్చారు. తిరుగు ప్రయాణంలో అయోధ్య. అయోధ్య దాకా వచ్చి కాశీ చూడకపోతే ఇంట్లో అడుగు పెట్టనివ్వరు. కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలంటారు, అంత తీరిక లేదు కాబట్టి ఒక కునుకు. ఇన్ని చేర్చాక రోజులు పెరిగాయనుకునేరు. పిల్లలకు సెలవులు లేవు కాబట్టి పన్నెండు కాస్తా తొమ్మిదయ్యాయి. ఏజెంటు కుర్రాడు నీళ్ళు అడిగి తాగాడు.

తర్వాత గంటన్నర పెరుగు.

ఇక్కడ కమిటీ కనబరిచిన దూరదృష్టిని నేను తక్కువ చేయను. టెంపో ట్రావెలర్ వెనక వంటమనిషి, గ్యాస్ సిలిండర్, సోనా మసూరి బస్తా ఉంటాయి. ఆవకాయ, కందిపొడి ఇళ్ళ వారీగా పంచుకున్నారు. అసలు సమస్య తోడు. హార్లిక్స్ సీసాలో తోడు తీసుకెళ్తారు సరే, చలికి పెరుగు తోడుకోదు. గిన్నెను శాలువాలో చుట్టి పెట్టాలని ఒకరు. హాట్‌ప్యాకులో పెట్టి డ్రైవరు పక్కన ఇంజను మీద ఉంచాలని ఇంకొకరు. అది మలుపుల్లో ఒలికితే డ్రైవరు ఒళ్ళో పడుతుందని, అప్పుడు బండి లోయలోకి పోతుందని భద్రతాపరమైన అభ్యంతరం వచ్చింది. ఆ సాయంత్రం మొత్తానికి భద్రత అన్న మాట వినపడింది అప్పుడొక్కసారే. అప్పుడు వదినగారు లేచారు. యమునోత్రిలో సూర్యకుండం ఉంది, ఆ సలసల కాగే నీళ్ళలో బియ్యం మూట ముంచి ఉడికించి ప్రసాదంగా తెచ్చుకుంటారు. బద్రీనాథ్ గుడి కింద తప్తకుండం ఉంది, దర్శనానికి ముందు అందులో స్నానం చేస్తారు. "అన్నం అక్కడ ఉడుకుతుంది కదా, పెరుగు ఇక్కడ తోడుకోదా?" సభ నిశ్శబ్దమైపోయింది. ఇంజనీరుగారు కళ్ళు మూసుకుని ఉష్ణోగ్రతలు బేరీజు వేశారు. సూర్యకుండమైతే పాలు విరిగిపోతాయని, తప్తకుండం అంచున మూత బిగించి పెడితే అవకాశం ఉందని తేల్చారు. స్నానం చేసేవాళ్ళ కాళ్ళు తగలకుండా వంతుల వారీగా ఎవరు కాపలా ఉండాలో పేర్లు కూడా రాసుకున్నారు.

ఫ్లెక్సీ గురించి ఎక్కువ చెప్పను. సెక్రటరీగారి ఫొటో కేదారేశ్వరుడి ఫొటో కంటే కొంచెమే పెద్దది.

రిజిస్ట్రేషన్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఉత్తరాఖండ్ ప్రభుత్వం ముందుగా పేరు నమోదు చేసుకోనిదే ధామాలకు పంపదని ఏజెంటు చెబితే, "మన ఎమ్మెల్యేగారి లెటరు పట్టుకెళ్దాం" అన్నారు. తిరుమలలో ఆడే లెటరు అక్కడ మాత్రం ఎందుకు ఆడదు? 2024 మేలో రద్దీ పట్టలేక అక్కడ వీఐపీ దర్శనాలే ఆపేశారు. గుడికి 50 మీటర్లలోపు రీల్స్ తీయకూడదని కూడా ఉత్తర్వు ఇచ్చారు. మొదటి కబురు విని కమిటీ చలించలేదు. రెండోది విని ఇద్దరు యువతీయువకులు యాత్ర మానుకోవాలా అని ఆలోచనలో పడ్డారు.

ఇంత చర్చలో కేదార్‌నాథ్‌కు దక్కింది ఒక్క లైను. "ఉదయం బయల్దేరి దర్శనం, సాయంత్రానికి కిందికి."

గౌరీకుండ్ నుంచి గుడికి 16 కిలోమీటర్లు. పైకి. 2013కు ముందు దారి కొంచెం తక్కువే. ఆ ఏడాది జూన్ 16, 17 తేదీల్లో పైనున్న చోరాబారీ సరస్సు గట్టు తెగి మందాకిని నది వరదై మీదపడితే, దారిలోని రాంబాడా అన్న ఊరు ఊరే లేకుండా పోయింది. అందుకని అవతలి ఒడ్డున కొత్త దారి వేశారు. అప్పుడు చిక్కుకుపోయిన వాళ్ళలో మనవాళ్ళు చాలామంది. వాళ్ళను ఎవరి విమానంలో ఎక్కించాలన్న దాని మీద మన రెండు పార్టీల నాయకులు డెహ్రాడూన్ విమానాశ్రయంలో ఒకరినొకరు తోసుకున్నారు కూడా, టీవీల్లో చూశాం. ఇదంతా చెబితే ఇంజనీరుగారు "పదహారు కిలోమీటర్లంటే ఎంతండీ, ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట" అన్నారు. ఆయన అక్కడికి మెట్రోలో వెళ్తారు.

హెలికాప్టర్ మాట వచ్చింది. 2025 జూన్ 15న గౌరీకుండ్ దగ్గర హెలికాప్టర్ కూలి అందులోని ఏడుగురూ చనిపోయారని గ్రూపులో ఎవరో వార్త పెట్టారు. "పైన తథాస్తు దేవతలుంటారు, శుభమా అని వెళ్తూ ఇలాంటివా?" అని అడ్మిన్ ఆ మెసేజ్ తీసేశారు. ఎలాగూ టికెట్లు దొరకలేదు. అప్పుడు అందరూ ఒక్క గొంతుతో అన్నారు: "గుర్రాలున్నాయిగా."

గుర్రాలు కావవి. ఎక్కువ భాగం కంచరగాడిదలు. 2022లో యాత్ర మొదలైన కొన్ని వారాల్లోనే ఆ దారిలో వందకు పైగా చచ్చిపోయాయి. తాగడానికి సరైన నీళ్ళు లేక, కడుపు పట్టేసి, కిందికి దిగిన వెంటనే మళ్ళీ మనిషిని ఎక్కించుకుని పైకెక్కలేక. 2023లో ఇద్దరు మనుషులు ఒక మూగజీవం ముక్కు, మూతి నొక్కిపట్టి బలవంతంగా పొగ తాగిస్తున్న వీడియో దేశమంతా చూసింది, పోలీసులు కేసు పెట్టారు. 2025 మేలో రెండు రోజుల్లో 14 చనిపోతే అంటురోగం భయంతో వాటిని నడపడం ఆపేశారు. ఆ వార్తకు మన గ్రూపులో వచ్చిన ఒకే ఒక్క ప్రశ్న: "మన డేట్లకి ఓపెన్ అవుతాయా?"

తోలేవాడిది తప్పంటారు. కొరడా వాడి చేతిలోనే ఉంది, కాదనను. కానీ ఎవరి కోసం తోలుతున్నాడు వాడు? సాయంత్రానికి కిందికి దిగాలని కాగితం మీద రాసుకున్నది ఎవరు? లాడ్జిలో వేడినీళ్ళు అడగడానికి హిందీ రాక సైగలు చేసే పెద్దమనిషికి, ఆ బురద మెట్ల మీద "జల్దీ చలావ్ భయ్యా" మాత్రం తడుముకోకుండా వస్తుంది. దాని నోట్లోంచి నురగ కారుతున్నా, ముందుకాళ్ళు జారుతున్నా, పైన కూర్చుని సెల్ఫీలో పక్కకు జరగమని ఇంకో గుర్రం వాడిని అరుస్తాడు. నందికి పాలాభిషేకం చేసే చేతులండీ ఇవి! పశుపతి అని పేరు పెట్టుకుని మొక్కేది ఎవరికి? ఔలికి చేరాలని తొందర, వాఘాలో జెండా చూడాలని తొందర, ఆ తొందరంతా ఒక జీవం వీపు మీద మోపి, పైకెళ్ళి "దర్శనం బ్రహ్మాండం" అని స్టేటస్ పెట్టడానికి సిగ్గుండాలి.

సెల్లార్‌లో ఆ సాయంత్రం మూలగా ఒక అత్తయ్యగారు కూర్చున్నారు. డెబ్భై దాటిన మనిషి, మోకాలికి బెల్టు. సీట్ల లెక్కలో ఆవిడను "అమ్మ – కిటికీ పక్కన" అని రాశారు. బీపీ మాత్రలు ఎన్ని వేసుకుంటారో ఎవరూ అడగలేదు, గుండె డాక్టరుకు ఒకసారి చూపించారా అని అడగలేదు. 2022 సీజన్‌లోనే చార్‌ధామ్‌లో రెండు వందల మందికి పైగా యాత్రికులు చనిపోయారు, ఎక్కువమంది గుండె ఆగే. నెమ్మదిగా ఎక్కండి, మధ్యలో ఆగండి, పెద్దవాళ్ళకు పరీక్షలు చేయించండి అని అక్కడి ఆరోగ్యశాఖ మొత్తుకుంటూనే ఉంది. ఆ సంగతి నేను ఎత్తితే ఒకాయన నవ్వి, "అక్కడ పోతే డైరెక్ట్ మోక్షమే కదండీ" అన్నాడు. ఆవిడ సొంత కొడుకే. మోక్షం మీద అంత మోజుంటే ముందు నువ్వు పోవయ్యా. ఆవిడకు కావలసింది మోక్షం కాదు, గుప్తకాశీలో ఒక రోజు మంచం.

మా తాతల కాలంలో కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనేవారు. అందుకే అప్పులు తీర్చి, అందరికీ చెప్పి, నెలల తరబడి ఆగుతూ, అడుగుతూ వెళ్ళేవారు. వాళ్ళకు తొందర లేదు. అంతెందుకు, సాక్షాత్తూ కేదారనాథుడికే తొందర లేదు. చలికాలమంతా ఊఖీమఠ్‌లో పూజలందుకున్న ఉత్సవమూర్తిని తలుపులు తెరిచే ముందు పల్లకీలో మోసుకెళ్తారు. గుప్తకాశీలో ఒక రాత్రి, ఫాటాలో ఒక రాత్రి, గౌరీకుండ్‌లో ఒక రాత్రి బస చేసి, అప్పుడు పైకి వెళ్తుంది ఆ పల్లకీ. ఆయన సొంత ఇంటికి ఆయన మూడు చోట్ల ఆగి వెళ్తున్నాడు. ఆయన శ్రీశైలం ప్రాజెక్టులో పనిచేయకపోయినా, మల్లన్నగా శ్రీశైలంలో ఉన్నవాడే.

ఈ మాట సభలో అన్నాను. అందరూ చేతులు జోడించారు. "ఎంత బాగా చెప్పారండీ" అని వదినగారు కళ్ళు తుడుచుకున్నారు. ఇంజనీరుగారు కూడా కదిలిపోయినట్టే కనిపించి, కాగితం దగ్గరికి లాక్కుని, గుప్తకాశీ పక్కన కలంతో ఏదో రాశారు. తొంగి చూస్తే "లంచ్ – 30 ని." అని ఉంది.

ఇప్పుడు కమిటీ ఆశలన్నీ వచ్చే యాత్ర మీద ఉన్నాయి. సోన్‌ప్రయాగ్ నుంచి కేదార్‌నాథ్‌కు 12.9 కిలోమీటర్ల రోప్‌వేకు 2025 మార్చిలో కేంద్రం ఒప్పుకుంది. ఖర్చు 4,081 కోట్లు. ఎనిమిది తొమ్మిది గంటల ప్రయాణం 36 నిమిషాలకు తగ్గుతుందట. కంచరగాడిదల వీపులకు కాస్త ఊపిరాడుతుందేమోనని నేను లోలోపల సంతోషించాను. ఇంజనీరుగారు అప్పటికే మిగిలిన ఏడెనిమిది గంటలు ఏం చేయాలో లెక్క వేసేశారు. తుంగనాథ్ 3,680 మీటర్లు, శివాలయాల్లోకెల్లా ఎత్తయినది, కేదార్‌నాథ్ దాకా వెళ్ళాక అది చూడకుండా ఎలా వస్తామన్నారు. "రోప్‌వే ఇంకా కట్టలేదు సార్" అన్నాడు ఏజెంటు కుర్రాడు.

"అడ్వాన్సు ఎంత కట్టాలో అది చెప్పు ముందు."