ఒక డబ్బా మామూలు

షార్జాలో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది ఈద్ సెలవులకు వస్తూ ఒక డబ్బా మిఠాయి తెచ్చాడు. రవ్వను వెన్నతో కలిపి, నడుమ ఖర్జూరపు ముద్దో అక్రోటు పలుకులో పెట్టి, చెక్క అచ్చులో అద్ది, కాల్చి, పైన మెత్తని పంచదార పొడి చల్లే ఆ వంటకాన్ని అరబ్బు దేశాలలో ‘మామూల్’ అంటారు. అక్కడి ముస్లింలు ఈద్‌కు, క్రైస్తవులు ఈస్టర్‌కు దీనిని చేసుకుంటారు. మన కజ్జికాయకు దూరపు చుట్టం అనుకోవచ్చు గాని, కజ్జికాయ పేరెత్తి ఎవరూ చిక్కుల్లో పడినట్లు నేను వినలేదు.

ఇంటి పన్ను కాగితాలలో మా నాన్నగారి పేరు స్థానంలో నా పేరు చేర్చమని పెట్టుకున్న అర్జీ ఒక కార్యాలయంలో ఏడు నెలలుగా విశ్రాంతి తీసుకుంటోంది. ఈసారి కోపగించకుండా నాలుగు తీపి ముక్కలు పంచి, నవ్వుతూ పలకరించి రమ్మని మా ఆవిడ డబ్బా చేతికిచ్చింది. రెండు రోజులుగా ఇంట్లో పిల్లలందరూ ‘మామూలు, మామూలు’ అంటూ ఆ డబ్బా చుట్టూ తిరుగుతుండడం వల్ల ఆ మాటకున్న మరో అర్థం నా తలలోంచి పూర్తిగా జారిపోయింది. ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పినవాడికి ఇది క్షమించరాని నేరమే.

“ఏం మాస్టారూ, ఏమిటి విశేషం?” అన్నాడు గుమాస్తా.

“విశేషమేముంది నాయనా, మీ అందరికీ మామూలు తెచ్చాను” అన్నాను, వెనుక బల్లల వారికి కూడా వినబడేలా.

గదిలో పంకా చప్పుడు తప్ప మరొకటి వినబడలేదు. సూపరింటెండెంటుగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, “ఇది మాకు మామూలు కాదండీ” అన్నారు.

అప్పుడు నేను క్షమాపణ చెప్పుకుని డబ్బాతో బయటపడవలసింది. అలా చేయక వ్యుత్పత్తి చెప్పడం మొదలుపెట్టాను. అరబ్బీలో ‘అమల్’ అంటే పని అనీ, ‘మామూల్’ అంటే చేయబడినది అనీ, ఆ మాట పారసీకం, ఉర్దూల గుండా నడిచి వచ్చేసరికి ఎప్పుడూ చేసేది, అంటే వాడుక, అయిందనీ, హిందీవారు ‘మామూలీ’ అని అల్పమైన దానిని అంటారనీ, తెలుగులోనూ తమిళంలోనూ మాత్రం వాడుక చొప్పున చేతిలో పెట్టేదానికి కూడా ఆ పేరు స్థిరపడిందనీ వివరించాను. అంతటితోనూ ఆగలేదు. “మీరు చట్టాన్ని అమలు చేస్తారు చూశారూ, ఆ అమలూ ఈ మామూలూ ఒకే ధాతువుకు పుట్టిన తోబుట్టువులు” అన్నాను. సూపరింటెండెంటుగారి ముఖం ఎర్రబడింది.

మాట మార్చుదామని, “మీరు వాడే ‘మంజూరు’ కూడా ఇదే అచ్చులో పోసిన మాటేనండీ, అరబ్బీలో దాని అర్థం చూడబడినది అని. నా అర్జీని ఎవరైనా ఒక్కసారి చూస్తే చాలు” అన్నాను.

“అంటే మామూలు ఉంటేనే మంజూరు అంటారా?” అన్నారాయన.

ఈ శాస్త్రచర్చ సాగుతుండగా అటెండరు డబ్బా మూత తీసి ఒకటి నోట్లో వేసుకున్నాడు. అతని వేళ్లకంటిన తెల్లని పొడి మీద అందరి చూపులూ నిలిచాయి. ఏసీబీవారు నోట్లకు ఫినాఫ్తలీన్ అనే తెల్లని పొడి పూసి పంపుతారనీ, దానిని తాకిన వేళ్లను సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే ఆ నీళ్లు గులాబి రంగుకు తిరుగుతాయనీ ఆ గదిలో నాకు తప్ప అందరికీ తెలిసినట్లుంది. పాపం, అతడు చేయి ప్యాంటుకు తుడుచుకుని, ఆ తరువాత ప్యాంటు వంక భయంగా చూసుకున్నాడు.

డబ్బా మీద ఏమి రాసి ఉందో చదివిస్తే నిజం తేలుతుందని నేనే సలహా ఇచ్చాను. గేటు దగ్గర చెట్టు కింద దస్తావేజులు రాసే పెద్దాయనకు ఉర్దూ వచ్చు. ఆయన వచ్చి, డబ్బాను వెలుతురుకు పట్టి, “మీమ్, ఐన్, మీమ్, వావ్, లామ్” అని ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని, “సందేహమే లేదు సార్, ఇది మామూలే” అని గట్టిగా తీర్పు చెప్పాడు.

చివరికి డబ్బాను నాకు తిరిగి ఇచ్చినట్లు రుజువు ఉండాలని సూపరింటెండెంటుగారు పట్టుబట్టారు. వస్తువు పేరు లేని రసీదు చెల్లదన్నారు. కాబట్టి ఆ కార్యాలయపు రిజిస్టరులో, తేదీ వేసి, నా చేతి రాతతో, “ఈ కార్యాలయం నుండి నాకు మామూలు ముట్టినది. మొత్తం 20కి గాను 19 మాత్రమే” అని రాసి సంతకం పెట్టాను.