ప్రార్థన చేద్దాం, మాట్లాడుకోవడం ఎందుకు?

మొన్న ఆదివారం మా సంఘానికి వాక్యం చెప్పడానికి వచ్చిన ఒక దైవసేవకుడు, భోజనాల వేళ మించిపోతున్నా లెక్కచేయకుండా, చాలా ప్రమాదకరమైన సంగతి ఒకటి చెప్పి వెళ్లారు. ఎదిగే వయసు పిల్లల్లో విశ్వాసం నిలవాలంటే తల్లిదండ్రులు వాళ్లతో రోజూ మాట్లాడాలట. ప్రసంగించడం కాదట, గద్దించడం కూడా కాదట, అన్నం తింటూనో బండి మీద వెళ్తూనో మామూలుగా మాట్లాడుకోవాలట. అంతటితో ఆగితే ఏదోలే అనుకునేవాణ్ణి. వాళ్లు చెప్పేది మనం వినాలని కూడా అన్నారు. నా పక్కనే కూర్చున్న మా పెద్దవాడు, ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నవాడు, ఏడాదిన్నరగా ఏ ప్రసంగానికీ ఎత్తని తల ఆ మాటకు ఎత్తాడు. పరిస్థితి ఎంత తీవ్రమైనదో నాకు అప్పుడు అర్థమైంది. సంఘపు పెద్దగానూ, ఇద్దరు పిల్లల తండ్రిగానూ ఈ ధోరణిని మొగ్గలోనే ఖండించడం నా బాధ్యత అనుకుని ఇది రాస్తున్నాను.

ఆ అయ్యగారు ఆధారంగా చూపింది ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం 7వ వచనం. దేవుని మాటలను పిల్లలకు నేర్పమనీ, ఇంట కూర్చున్నప్పుడూ, త్రోవన నడిచేటప్పుడూ, పడుకునేటప్పుడూ, లేచేటప్పుడూ వాటిని గురించి మాట్లాడమనీ అందులో ఉన్నమాట నిజమే, కాదనడానికి నేనెవర్ని? అయితే మోషే ఆ మాట చెప్పింది నలభై ఏళ్లు అరణ్యంలో తిరిగిన జనంతో. అంత తీరిక ఉన్నవాళ్లు త్రోవన నడుస్తూ ఎన్నైనా మాట్లాడుకోవచ్చు. మా వాడు ఉదయం ఆరింటికి కాలేజీ బస్సు ఎక్కితే రాత్రి ఎనిమిదిన్నరకు దిగుతాడు. ఇంట కూర్చునే ఆ కాస్త వేళలో వాడి చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయి, నా చేతిలో ఫోను ఉంటుంది. (నా ఫోనుకు వచ్చేవి వాక్యాలు కనుక ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదని మనవి.) ఇక లేచేటప్పుడు మా ఇంట్లో జరిగే సంభాషణను ఏ వచనం కిందా జమ వేయడం సాధ్యం కాదు.

అలాగని మా ఇంట్లో ఆత్మీయ సహవాసానికి లోటేమీ లేదు. రోజూ తెల్లవారగానే నేను ఫ్యామిలీ గ్రూపులో సూర్యోదయం బొమ్మ మీద ఒక వచనం పెడతాను. గోడకు అవతలి గదిలో పడుకున్న మా వాడు రెండు చేతులు జోడించిన బొమ్మ పెడతాడు. రెండేళ్లుగా ఒక్కరోజు కూడా తప్పలేదు. ఒకసారి నేను పొరపాటున వచనానికి బదులు కరెంటు బిల్లు పెడితే దానికీ చేతులు జోడించాడు. విధేయత అంటే అది.

రాత్రి తొమ్మిదింటికి కుటుంబ ప్రార్థన. సంభాషణ కంటే ఇది ఎంత మెరుగైన పద్ధతో, అనుభవం మీద తెలుసుకున్నవాణ్ణి కనుక కొంచెం వివరంగా చెప్పాలి. ఎదిగిన కొడుక్కి ఏదైనా నేరుగా చెబితే వాదిస్తాడు, ముఖం చిట్లిస్తాడు, లేచిపోతాడు. అదే మాట కళ్లు మూసుకుని దేవుడితో చెప్పామనుకోండి, మధ్యలో అడ్డు రాలేడు, లేవలేడు, పైగా చివర్న ఆమేన్ అని తానే సంతకం పెట్టాలి. గత గురువారం నేను ఇలా ప్రార్థించాను: “పరిశుద్ధుడవైన తండ్రీ, యూనిట్ టెస్టునందు ఫిజిక్సులో నూటికి నలువది యొక్క మార్కులు మాత్రమే తెచ్చుకొనిన నీ బిడ్డను జ్ఞాపకము చేసికొనుము. రాత్రి పండ్రెండు గంటల వరకు దుప్పటిలో ఫోను చూచు ఆత్మను వాని నుండి వెడలగొట్టుము. పక్కింటి వారి కుమారునికి నీవు దయచేసిన ఏకాగ్రతలో కొంత భాగము వీనికిని అనుగ్రహింపుము.” ఈ సమాచారమంతా దేవుడికి ముందే తెలుసునన్న జ్ఞానం నాకు లేకపోలేదు. చేరవలసిన వారికి అది చేరుతున్నది, అంతే. తర్వాత మా ఆవిడ అందుకుని, “ప్రభువా, బిడ్డకు జ్వరం తగ్గి రెండు రోజులే అయిందని నీకు తెలుసు, కొందరికి తెలియదు” అని ప్రార్థించింది. దానికి జవాబు చెప్పాలంటే నేను మళ్లీ ప్రార్థించాలి, కానీ మా ఇంట్లో తలకు ఒక్క ప్రార్థనే. పదమూడేళ్ల మా అమ్మాయి, “దేవా, ఆకలేస్తోంది, ఆమేన్” అని ముగించింది. ఆ రోజు మనసులోంచి వచ్చిన ప్రార్థన అదొక్కటే అని మా ఆవిడ అభిప్రాయం. నేను ఏకీభవించను.

ప్రార్థనలో నా భాష గురించి ఒక మాట. గిడుగు రామమూర్తి గారు వ్యావహారిక భాష కోసం ఉద్యమం నడిపి వందేళ్లు దాటింది. అది కూరగాయల మార్కెట్టుకూ పత్రికలకూ ఎప్పుడో వచ్చింది గానీ మా కుటుంబ ప్రార్థన దాకా ఇంకా రాలేదు, నేను రానివ్వను కూడా. మా వాడికి పదేళ్లప్పుడు, “దేవుడికి మామూలు తెలుగు రాదా డాడీ?” అని అడిగాడు. దేవుని విషయంలో పరిహాసాలు పనికిరావని గట్టిగా చెప్పాను. మళ్లీ అడగలేదు. అప్పటి నుంచి వాడు దేవుడితో ఇంగ్లీషులో మాట్లాడుకుంటాడనీ, నాతో ‘ఊ’లో మాట్లాడతాడనీ తెలుస్తున్నది.

మాది ఒంగోలు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ లెక్కలో మా పూర్వికుడు ఒకడున్నాడని మా ఇంట్లో చెప్పుకుంటాం. (అలా చెప్పుకునే ఇళ్లన్నిటినీ కూడితే 2,222 ఎప్పుడో దాటిపోయింది, అది వేరే సంగతి.) ఆ విధంగా విశ్వాసం మాకు ఐదు తరాల పిత్రార్జితం. పట్టాదారు పాసుపుస్తకంలో తండ్రి పేరు కొట్టి కొడుకు పేరు రాసినట్టు, ఇది కూడా సమయం వచ్చినప్పుడు వాడి పేరు మీదికి మారిపోవాలి. చిక్కేమిటంటే మేము బాప్టిస్టులం. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వం. తానుగా నమ్మి, తన నోటితో ఒప్పుకున్నవారినే నీళ్లలోకి దించుతాం. అంటే ఈ ఆస్తిని వారసుడు ఇష్టపడి తీసుకోవాలి. ఈ నియమం పెట్టిన పెద్దలు పదహారేళ్ల కుర్రవాణ్ణి పెంచి ఉండరు. ఏమైనా నా ప్రయత్నంలో లోపం లేదు. వచ్చే ఈస్టర్‌కు వాడి బాప్తిస్మమని నిర్ణయించాను, తెల్లబట్టలకు కొలతలు ఇచ్చాను, చీరాల బంధువులకు కబురు చేశాను, బిర్యానీ మాట్లాడాను. వాణ్ణి అడగడం ఒక్కటే మిగిలింది.

ఆ 2,222 మంది కథలో మాకు కొంచెం ఇబ్బంది కలిగించే భాగం ఒకటున్నది, కనుక దాన్ని మేము వార్షికోత్సవాల్లో త్వరగా దాటిస్తాం. అంతకుముందు రెండేళ్లు ఘోరమైన కరువు. అప్పుడు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేలా చేశారు. పని చేయించే మేస్త్రీలు ఆయన దగ్గరి బోధకులే. మట్టి మోసినవాళ్లు సేద తీరే వేళ ఈ మేస్త్రీలు వెళ్లి వాళ్ల మధ్యే కూర్చునేవారు, మాట్లాడుకునేవారు. మేస్త్రీ కూలీ పక్కన కూర్చుని మాట్లాడడం! అంతేకాదు, కూలి కోసమే మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని, కరువు సాయం సాగినన్నాళ్లు దొరగారు బాప్తిస్మాలే ఆపేశారు. అడిగినవాళ్లను ఆగమన్నారు. నేను అడగనివాణ్ణి తొందరపెడుతున్నాను. కాలం మారింది మరి.

ఇక ఆదివారాల సంగతి. మా వాడి కాలేజీలో నెలకు రెండు ఆదివారాలు పరీక్షలుంటాయి. కట్టిన ఫీజు చిన్నది కాదు కనుక ఆ రెండు ఆదివారాలూ వాడు ఆరాధనకు రాడు. దేవుడు అర్థం చేసుకుంటాడు. మూడో ఆదివారం స్నేహితులు క్రికెట్‌కు పిలిచారని వాడు గునిస్తే, దేవుడు చూస్తున్నాడని హెచ్చరించాను. “దేవుడు ఏ ఆదివారం అర్థం చేసుకుంటాడో, ఏ ఆదివారం చూస్తాడో టైంటేబుల్ ఏమైనా ఉందా డాడీ?” అన్నాడు. మామూలుగా మాట్లాడుకుంటే ఎక్కడికి దారితీస్తుందో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మన పక్షాన పరిశుద్ధ గ్రంథంలోనే ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాను. నిరాశే మిగిలింది. పన్నెండేళ్ల యేసు పస్కా పండుగకు వెళ్లి, తల్లిదండ్రులకు చెప్పకుండా యెరూషలేములో ఉండిపోయాడు. వాళ్లు మూడు రోజులకు వెతికి పట్టుకున్నారు. దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వాళ్లు చెప్పేది వింటూ, ప్రశ్నలు అడుగుతున్నాడు. ఆ బోధకులైనా ఎవరబ్బాయివి, ఏ సెక్షను, నీ వయసుకు ఇవన్నీ ఎందుకు అని ఒక్కమాట అనకుండా, అతని తెలివికీ జవాబులకూ ఆశ్చర్యపోతూ కూర్చున్నారు. ఎందుకిలా చేశావని తల్లి అడిగితే ఎదురు రెండు ప్రశ్నలు వచ్చాయి. ఒంగోలులో అయితే ఆ పిల్లవాడి ఫోను నెల రోజులు బీరువాలో ఉండేది. అక్కడ తల్లి ఆ సంగతులన్నీ మనసులో భద్రం చేసుకున్నదని రాసి ఊరుకున్నాడు లూకా. యోసేపు గారు ఒక్కమాట అన్నట్టే లేదు. ఏలీ యాజకుడి సంగతి ఇంకా అన్యాయం: దేవుడు పిలిస్తే ఏలీయే పిలిచాడనుకుని పిల్లవాడు సమూయేలు రాత్రివేళ మూడుసార్లు లేపితే ఆ ముసలాయన ఒక్కసారైనా కసురుకోలేదు.

లూకా సువార్త చివరికి వస్తే ఎమ్మాయు ఊరి దారి. నిరాశలో మునిగి నడుస్తున్న ఇద్దరితో ప్రభువు కలిసి నడిచి, ముందుగా మీరేం మాట్లాడుకుంటున్నారని అడిగి, వాళ్ల గోడంతా చెప్పుకోనిచ్చాడు. ఆ తర్వాతే లేఖనాలు ఎత్తాడు. అది ఆమడ దూరం. మా వాడు కర్నూలు రోడ్డులో బస్సు దిగే చోటు నుంచి మా ఇంటికి స్కూటరు మీద పది నిమిషాలు. ఎమ్మాయు దారిలో జరిగినవి పది నిమిషాల్లో జరగాలంటే ఎలా?

నిజం చెప్పాలంటే ఆ పది నిమిషాల్లోనే వాడొకసారి అడిగాడు. “డాడీ, నాయనమ్మ కోసం నలభై రోజులు ఉపవాస ప్రార్థన చేశాం కదా?” ఊ అన్నాను. “మరి ఎందుకు చచ్చిపోయింది?” చర్చి సెంటర్ సిగ్నల్ పడింది. బ్యాగు జిప్పు ఊడింది చూసుకో అన్నాను. మర్నాడే మా సంఘపు అయ్యగారిని కలిసి, పిల్లవాడిలో సందేహపు ఆత్మ కనబడుతున్నదని చెప్పి తలమీద చెయ్యి పెట్టించాను. వేసవిలో మూడు రోజుల యవనస్థుల కూడికకు పంపాను. ఒక టీషర్టుతోనూ, గొంతు బొంగురుతోనూ, అదే ప్రశ్నతోనూ తిరిగి వచ్చాడు.

పోయిన శుక్రవారం రాత్రి, సిగ్నల్ ఇంకా రాకముందే, స్కూటరు వెనక టైరు పంక్చరైంది. ఇద్దరం దిగి నెట్టుకుంటూ బయల్దేరాం. కాసేపటికి వాడు మళ్లీ అడిగాడు. దేవుణ్ణి ప్రేమించేవారికి అన్నీ మేలుకే జరుగుతాయనే రోమా 8:28 నాలుక చివరనే ఉన్నది, కానీ స్కూటరు నెడుతూ గ్రాంథికం మాట్లాడడానికి ఊపిరి చాలదని ఆ వేళే తెలిసింది.

“తెలియదురా” అన్నాను. “మూడేళ్లుగా నేనూ అదే అడుగుతున్నా.”

“ఎవర్ని?”

“ఇంకెవర్ని?”

వాడు కొంతదూరం ఏమీ అనలేదు. తర్వాత, “ఏ తెలుగులో?” అన్నాడు.

“మామూలు తెలుగులోనే.”

ఆ తర్వాత వాడు మాట్లాడాడు. నాయనమ్మ ఆసుపత్రిలో వాడితో ఏమన్నదో నాకు అంతవరకూ తెలియదు. ఆమె పోయిన రాత్రి నేను వంటింట్లో లైటు వేయకుండా కూర్చున్నది వాడు చూశాడనీ తెలియదు. ఈస్టర్ గురించి కూడా వాడికి చెప్పవలసింది ఉన్నదట, ఇప్పుడే కాదన్నాడు. సరే అన్నాను. సంఘపు పెద్ద అనవలసిన మాట కాదది.

ఇల్లు చేరేసరికి పది దాటింది. అన్నం చల్లారిపోయింది, కుటుంబ ప్రార్థన జరగలేదు. ఇంతసేపు ఏం చేస్తున్నారని మా ఆవిడ అడిగితే, పంక్చర్ అన్నాడు వాడు. దారిలో పంక్చర్ షాపు తెరిచే ఉండగా దాటి వచ్చేశామన్న సంగతి వాడూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.