ఈగల పెళ్లిళ్ల పేరయ్య

మా వీధి చివర చెత్తకుప్ప ఎత్తరు గానీ దాని మీద మందు మాత్రం ఠంచనుగా కొడతారు. మొన్న కార్పొరేటర్ గారే స్వయంగా పైపు పట్టుకుని, కెమెరా వంక చూస్తూ కొట్టారు. ఫ్లెక్సీ మీద ‘ఈగల నిర్మూలన’ అని ఉంది. నాకైతే సామూహిక వివాహాల్లా అనిపించింది.

డెల్టామెత్రిన్ లాంటి పైరెత్రాయిడ్ మందులు ఈగ నరాల్లో సోడియం వెళ్లే ద్వారాన్ని మూసుకోనివ్వవు. ఈగ గిలగిలా కొట్టుకుని పడిపోతుంది. ఆ ద్వారపు ప్రోటీన్‌లో 1014వ స్థానంలో లూసిన్ అనే అమైనో ఆమ్లం బదులు ఫెనైలాలనిన్ ఉంటే మందు సరిగా పట్టదు. దీని పేరు కేడీఆర్, అంటే నాక్‌డౌన్ రెసిస్టెన్స్, మందుకి పడిపోకుండా తట్టుకునే గుణం. కాకపోతే ఇది అంతర్గత లక్షణం. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తేనే అక్కరకొస్తుంది. మామూలుగా అలాంటి సంబంధం దొరకడం కష్టమే. మందు పడ్డాక పేరయ్య దిగినట్టే! ఆ జన్యువు లేని వరులంతా సాయంత్రానికి కాళ్లు పైకెత్తేశారు, ఇక జాతకాలతో పనేముంది?

“మీ అబ్బాయికి కేడీఆర్ ఉందా వదినగారూ?”

“రెండు కాపీలూ ఉన్నాయండీ. కార్పొరేటర్ గారి మందులో తడిసి, అటునుంచటే జిలేబీ మీద వాలాడు.”

“మా అమ్మాయిది సూపర్ కేడీఆర్. 918వ స్థానం కూడా మారింది.”

“అమ్మో, పెద్ద సంబంధమే! మరి కట్నం?”

“కుప్ప రాసిచ్చేస్తాం. మున్సిపాలిటీ కదిపే ప్రసక్తే లేదు.”

మన ఎండలకి వారం పదిరోజుల్లో పిల్లలు కూడా పెళ్లీడుకొస్తారు.

ఇదేం కొత్త సంగతి కాదు. డీడీటీ పురుగుల్ని చంపుతుందని కనిపెట్టిన పాల్ ముల్లర్‌కి 1948లో నోబెల్ ఇచ్చారు. అప్పటికే స్వీడన్, ఇటలీ ఈగలు డీడీటీని లెక్కచేయడం మానేశాయి. డీడీటీ పనిచేసేదీ ఆ సోడియం ద్వారం మీదే. అంటే డెల్టామెత్రిన్ బజారులోకి రాకముందే ఈగ సిద్ధమై కూర్చుంది. సిద్ధంగా లేనిది టెండరు వేసినవాళ్లే.

కార్పొరేటర్ గారు ఫొటో దిగి వెళ్లాక అసలు మందు కొట్టింది ఓ కాంట్రాక్టు కుర్రాడు. మాస్కు లేదు, ముక్కుకి చేతిరుమాలు. చేతులకి గ్లవ్స్ లేవు. తట్టుకునే జన్యువు ఈగకి వచ్చింది గానీ ఆ కుర్రాడి ఊపిరితిత్తులకి రాలేదయ్యా! కుప్పని ఆనుకునే అంగన్‌వాడీ. పసిపిల్లల పళ్లెంలో గుడ్డు మీద ఆ ఈగలే. సిగ్గనిపించదా? ఒక్క ట్రాక్టరు పంపడానికి ఏం రోగం? గుడ్లు పెట్టే చోటే లేకపోతే ఏ కేడీఆర్ ఏం చేస్తుంది?

మున్సిపాలిటీకి ఫోన్ చేసి ఇదే అడిగాను. “టెన్షన్ పడకండి సార్, ఈసారి డోసు డబుల్ చేస్తున్నాం” అన్నారు.