పగలు ఉద్యోగం, గురువారం పోల్: ఒక ఫార్వర్డుకు ఖండన

“విదేశాల్లో పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులకు ముఖ్య గమనిక” అనే శీర్షికతో, మూడు ఎర్ర గంటల బొమ్మలతో మొదలయ్యే సందేశం గత పది రోజుల్లో నాకు ఏడుసార్లు వచ్చింది. మొదట మా కాలేజీ గ్రూపులో, తరువాత ఇంగ్లాండులో నేనుండే మాంచెస్టర్ తెలుగువాళ్ళ గ్రూపులో, ఆపైన పిన్నీ బాబాయిల నుంచి విడివిడిగా, చివరికి మా అమ్మ నుంచి. అమ్మ దాని కింద ఒకే వాక్యం చేర్చింది: “ఇది నీ గురించి కాదు కదే?” నా గురించేనమ్మా. పగలంతా ఆసుపత్రి ఫార్మసీలో పనిచేసి, గురువారం సాయంత్రం ఏడింటికి పోల్ డాన్స్ (నిలువు గొట్టం ఎక్కి, దాని చుట్టూ తిరుగుతూ చేసే నాట్యం) క్లాసుకు వెళ్ళేదాన్ని కాబట్టి, మిగిలినవాళ్ళు నవ్వి వదిలేసిన ఈ సందేశానికి జవాబు రాసే పని నా నెత్తిన పడింది.

సందేశం చూడనివారి కోసం దాని సారాంశం ఇది. పోల్ డాన్స్ నేర్చుకునేవాళ్ళలో గౌరవమైన ఉద్యోగం ఉన్నవాళ్ళు ఒక్కరూ ఉండరట, వ్యాయామం అనేది క్లబ్బులకు అమ్మాయిలను తయారుచేసే ముసుగట, ఒంటిమీద బట్టలు తక్కువగా ఉండటమే దానికి సాక్ష్యమట, మగవాళ్ళెవరూ దీని జోలికి పోరట, ఇది మన సంస్కృతిలో లేదట, ఒళ్ళు హూనమవుతుందట, వీసా రద్దవుతుందట. కనుక తెలిసిన అమ్మాయి ఇలాంటి చోట ఫోటోలో కనబడితే, ఆ ఫోటోను ఆమె ఆఫీసుకూ కన్నవాళ్ళకూ పంపి “ఆమెను కాపాడండి” అని ముగింపు.

మగవాళ్ళ సంగతి రెండు వాక్యాల్లో తేలిపోతుంది. మా క్లాసులో పదకొండు మందిమి ఉంటే ఇద్దరు మగవాళ్ళు. అంతర్జాతీయ పోల్ క్రీడా సమాఖ్య పోటీల్లో పురుషులకు వేరే విభాగమే ఉంది.

బట్టల సంగతి అంతకన్నా తేలిక. పోటీల్లో వాడే పోల్ 45 మిల్లీమీటర్ల వ్యాసమున్న నున్నని లోహపు గొట్టం. దాన్ని చర్మం పట్టుకుంటుంది, గుడ్డ జారిపోతుంది. గోచీ కట్టి గోదాలోకి దిగిన వస్తాదును చూసి భక్తితో చేతులు జోడించేవారికి ఇది అర్థం కాకపోవడం నాకు అర్థం కాదు. ఈ సందేశం రాసిన పెద్దమనిషిని ఒక గురువారం మా క్లాసుకు సాదరంగా ఆహ్వానిస్తున్నాను. నిండుగా పైజామా వేసుకుని, మోకాలి వెనుక పట్టు మీద తలకిందులుగా వేలాడి చూపించమనండి. కింద పరుపు నేనే వేస్తాను.

ఇక ఉద్యోగాలు. అసలు ఆ క్లాసులో ఎవరు ఏ పని చేస్తారో అడగనక్కరలేదు, వాళ్ళ ఒళ్ళే చెబుతుంది. మా నర్సు రోజుకు ఎన్నిసార్లు చేతులు కడుగుతుందో లెక్క లేదు. చర్మం పగలకుండా ఉండాలంటే క్రీము రాయాలి, క్రీము రాస్తే పోల్ నిలువునా జారుతుంది, అందుకని గురువారం మధ్యాహ్నం నుంచి ఆమె పగిలిన చేతులతోనే తిరుగుతుంది. పైగా ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోగులను చూసేవారు మోచేతుల కింద ఏ ఆచ్ఛాదనా లేకుండా ఉండాలన్న నియమం ఒకటుంది. శుక్రవారం పొద్దున ఆమె ముంజేతి మీద నల్లగా కమిలిన మచ్చలు చూసిన ఒక ముసలావిడ, రక్తపోటు కొలిపించుకుంటూనే గొంతు తగ్గించి, “ఇంట్లో అంతా క్షేమమే కదా, తల్లీ?” అని అడిగిందట. ఎలక్ట్రీషియన్ అరచేతులు కాయలు కాసి ఉంటాయి కాబట్టి నేను ఆరు వారాలకు నేర్చిన ఎక్కుడు అతను మొదటి రోజే ఎక్కేశాడు. కానీ వంగి కాలివేళ్ళు ముట్టుకోమంటే మాత్రం ఇప్పటికీ మోకాళ్ళ దగ్గరే ఆగిపోతాడు. అకౌంటెంటు జనవరి నెలంతా కనబడదు, ఎందుకంటే ఇక్కడ ఆదాయపు పన్ను రిటర్నులకు గడువు ఆ నెల 31. బడిలో భౌతికశాస్త్రం చెప్పే టీచరు, తిరిగే పోల్ మీద కాళ్ళు లోపలికి ముడిస్తే వేగం ఎందుకు పెరుగుతుందో కోణీయ ద్రవ్యవేగ సూత్రంతో సహా వివరించి, దిగిన తరువాత కళ్ళు తిరిగి గోడ పట్టుకుని నిలబడుతుంది. ఒక లైబ్రేరియన్ పదవీ విరమణ చేసి మూడేళ్ళయింది. మొదటి పాఠంలో వచ్చే తిప్పుడుకు ఫైర్‌మన్ స్పిన్ అని పేరు. అగ్నిమాపక శాఖ నుంచి మాత్రం మా దగ్గరకు ఇంతవరకూ ఎవరూ రాలేదు.

ఇది “ముసుగు” అనే మాటకు వస్తే, ఇంగ్లాండు, వేల్స్‌లలో దుస్తులు విప్పి నాట్యం చేసే క్లబ్బులకు ప్రత్యేక లైసెన్సు నిబంధన పెట్టే అధికారాన్ని 2009 నాటి చట్టం స్థానిక కౌన్సిళ్ళకు ఇచ్చింది. క్లబ్బు క్లబ్బుగానే, బోర్డు పెట్టుకుని నడుస్తోంది. దానికి గురువారం క్లాసు ముసుగు అవసరం లేదు.

సంస్కృతి దగ్గర మాత్రం నేను మా పక్షం వాళ్ళతోనే విభేదించాలి. ఈ సందేశానికి మా గ్రూపులో వచ్చిన మొదటి జవాబు, “ఇది మన మల్లఖంబమే, తెల్లవాళ్ళు దొంగిలించారు” అని. మల్లఖంబం మనదే. 12వ శతాబ్దపు సంస్కృత గ్రంథం మానసోల్లాసంలో దాని ప్రస్తావన ఉందంటారు. మధ్యప్రదేశ్ దాన్ని 2013లో రాష్ట్ర క్రీడగా ప్రకటించింది. కానీ అది ఆముదం రాసిన కొయ్య స్తంభం, కిందికి పోయేకొద్దీ లావెక్కేది. దాని పట్టు వేరు, దాని దారి వేరు. నేను ఎక్కే పోల్ ఉత్తర అమెరికాలోని స్ట్రిప్ క్లబ్బుల నుంచి వచ్చింది. అక్కడ రాత్రిపూట పనిచేసిన స్త్రీలు కనిపెట్టిన తిప్పుళ్ళనే మేము ఈరోజు డబ్బు కట్టి నేర్చుకుంటున్నాము. సందేశం రాసినవారికి ఈ ఒక్క విషయంలో మావాళ్ళకన్నా నిజాయితీ ఉందని ఒప్పుకుంటున్నాను.

సంస్కృతిలో లేదు అనేవారికి ఇంకొక మాట. ఊరి నడిబొడ్డున గడ పాతి, దాని కొసన స్త్రీలు పొట్ట ఆనించి గిరగిరా తిరుగుతుంటే కింద నిలబడి చప్పట్లు కొట్టింది మన తాతముత్తాతలే. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో గడలపై ఆడేవారిని వర్ణించాడు. ఆ ఆట ఆడిన దొమ్మరుల కులం పేరును మనం చివరికి ఏం చేశాము? తిట్టుగా మార్చుకున్నాము. గడ ఎక్కిన ఆడదాన్ని చూసి ఆనందించి, ఆట అయ్యాక ఆమె శీలం గురించి మాట్లాడుకోవడం మనకు కొత్తగా పడమర నుంచి దిగుమతి కాలేదు.

అందుకే పదకొండు మందిలో ఒకామె సంగతి వెనక్కి ఉంచాను. ఆమె శుక్ర, శని వారాల్లో క్లబ్బులో నాట్యం చేస్తుంది. అదే ఆమె జీవనాధారం. తలకిందులయ్యేటప్పుడు కాళ్ళు విసరకుండా పొట్ట బలంతో లేవడం మాకు నేర్పింది ఆమే. “మాలో అలాంటివాళ్ళు ఎవరూ లేరు, అందరూ నర్సులూ టీచర్లూ” అని ఈ ఖండనను ముగించడం చాలా సులభంగా ఉండేది. కొన్నేళ్ళ క్రితం సామాజిక మాధ్యమాల్లో పోల్ అభ్యాసకులు “నేను స్ట్రిప్పర్‌ను కాను” అనే హ్యాష్‌ట్యాగు తగిలించుకుంటే, ఆ వృత్తిలో ఉన్నవాళ్ళు నొచ్చుకుని దీటుగానే బదులిచ్చారు. వారు నొచ్చుకోవడం న్యాయమే. పైన నేనిచ్చిన ఉద్యోగాల చిట్టా చదివి “అయితే ఫరవాలేదు, మంచి కుటుంబాలవాళ్ళే” అని ఎవరైనా ఊరట చెందితే, ఆ ఊరట కోసం నేను ఆ చిట్టా ఇవ్వలేదు. సందేశం చెప్పింది అబద్ధం కాబట్టి ఇచ్చాను.

ఇప్పుడు ఆ చివరి వాక్యం, ఫోటోను ఆఫీసుకు పంపమన్నది. మిగిలినదంతా అజ్ఞానం, ఇది దుర్మార్గం. సందేశానికి ఉదాహరణగా ఒక ఫోటో జతచేశారు. అందులోని అమ్మాయి ఎవరో నాకు తెలియదు, నాకు పంపిన ఏడుగురిలో ఎవరికీ తెలియదు, కానీ ముఖం మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ఫోటోను పెద్దది చేసి చూడండి. వెనుక నిలువెత్తు అద్దం, పోల్ తుడిచే స్పిరిట్ సీసా, దాని పక్కన తడిగుడ్డ. ఎడమ మూలన గోడవారగా నల్లని ఆఫీసు బూట్లు, వాటి మీద ఒక సంచి, ఆ సంచి జిప్పులోంచి వేలాడుతున్న నీలం రంగు ఐడీ కార్డు పట్టీ. వీళ్ళకు ఉద్యోగాలుండవని వాదించే సందేశం, నేరుగా ఆఫీసు నుంచి క్లాసుకు వచ్చిన మనిషి ఫోటోను సాక్ష్యంగా పెట్టుకుంది. ఉద్యోగమే లేనివాళ్ళ ఫోటోను ఏ ఆఫీసుకు పంపాలో కూడా ఆ మహానుభావుడే సెలవివ్వాలి.

నవ్వులాట పక్కనపెట్టి చెబుతున్నాను. మన పిల్లల్లో చాలామంది ఇక్కడ ఉన్నది స్కిల్డ్ వర్కర్ వీసా మీద. ఆ వీసాకు పూచీ ఉద్యోగమిచ్చిన సంస్థే. ఉద్యోగం పోతే, ఇంకొక పూచీదారును వెతుక్కోవడానికి సాధారణంగా దొరికేది 60 రోజులు, ఆ తరువాత దేశం విడిచి వెళ్ళడమే. భోజనమయ్యాక సోఫాలో వాలి, ఒక వేలితో మీరు పంపే ఫోటో అంత దూరం పోగలదు. సంస్థ పట్టించుకోకపోవచ్చు, చాలావరకు పట్టించుకోదు కూడా. కానీ మరుసటి రోజు పొద్దున ఎవరు చూశారో, ఎవరు చూడలేదో తెలియకుండా ఆ అమ్మాయి మీటింగు గదిలో కూర్చోవాలి. మా భౌతికశాస్త్రం టీచరు క్లాసు ఫోటోల్లో ఎప్పుడూ వీపు చూపిస్తూనే నిలబడుతుంది. ఆమె చేసే పనిలో తప్పుంది కనుక కాదు, ఇలాంటి కాపాడేవాళ్ళు ప్రతి దేశంలోనూ ఉన్నారు కనుక. ఒకరిని పదేపదే ఇలా వెంటాడి వేధించడం ఇంగ్లాండులో 1997 చట్టం కింద నేరమని కూడా, పుణ్యం మూటగట్టుకునే తొందరలో ఉన్నవారికి గుర్తుచేస్తున్నాను.

వీసా రద్దవుతుందన్న మాటలో ఒక పిసరు నిజముంది. విద్యార్థి వీసా మీద ఉన్నవారు సరదాకు నేర్చుకోవచ్చు, ఎవరూ అడగరు. కానీ వాళ్ళు వృత్తి క్రీడాకారులుగా, కోచ్‌లుగా, వినోద ప్రదర్శకులుగా పనిచేయకూడదు, స్వయం ఉపాధీ చేయకూడదు. అనుమతి ఉన్న వారానికి 20 గంటల పని లోపే కదా అని డబ్బు తీసుకుని క్లాసు చెప్పినా, వేదిక ఎక్కినా వీసా షరతు తప్పినట్టే. చిత్రమేమిటంటే ఈ నిబంధన పోల్‌కు ఎంతో కూచిపూడికీ అంతే. డబ్బు తీసుకుని దసరా వేడుకల్లో నాట్యం చేసే విద్యార్థినుల గురించి మాత్రం ఎర్ర గంటలు ఎవరూ మోగించలేదు.

మిగిలింది ఒళ్ళు హూనమవుతుందన్న మాట. అవుతుంది. తొడల లోపలివైపు, పాదాల మీద, మోచేతి మడతలో కమిలిపోతుంది. మొన్న చలికాలం సరిగ్గా వేడెక్కకుండానే పోల్ ఎక్కి కుడి భుజం పట్టేసుకుని, రెండు వారాలు మందుల పై అర నుంచి డబ్బా దించడానికి పక్కవాళ్ళను పిలవవలసి వచ్చింది. ఆ వాక్యం ఒక్కటి ఉంచి, ముందు పావుగంట ఒళ్ళు వేడెక్కించుకోమని చేర్చి, మిగిలినదంతా చెరిపేసి పంపండి. ఆ సందేశాన్ని మా క్లాసు గ్రూపులో నేనే పెడతాను.