ఇంగ్లండ్ నౌకాదళాన్ని నిలబెట్టింది గుమాస్తాలే

1667 జూన్‌లో డచ్ ఓడలు ఇంగ్లండ్‌లోని మెడ్వే నదిలోకి చొరబడ్డాయి. చాథమ్ దగ్గర లంగరేసి ఉన్న ఇంగ్లిష్ యుద్ధనౌకల్ని తగలబెట్టి, రాజుగారి పేరు మోసే 'రాయల్ చార్లెస్'ను తమ దేశానికి లాక్కుపోయాయి. ఈ ఘటన గురించి రాసేవాళ్లు డచ్ అడ్మిరల్ డి రాయిటర్ నాయకత్వాన్ని పొగిడి ఊరుకుంటారు. కానీ ఇంగ్లండ్ అప్పటికే ఓడిపోయి ఉంది. ఆ ఓటమి లండన్‌లో జీతాలు చెల్లించాల్సిన చోట జరిగింది.

డబ్బు లేక ఆ ఏడాది పెద్ద ఓడల్ని సముద్రంలోకి పంపకుండా రేవులోనే కట్టేశారు. నావికులకు జీతానికి బదులు, డబ్బు తర్వాత ఇస్తామని రాసిన చీటీలు చేతిలో పెట్టారు. ఆకలితో ఉన్నవాడు చీటీ తినలేడు కాబట్టి వాటిని దొరికిన ధరకు వడ్డీ వ్యాపారులకు అమ్ముకున్నాడు. అంతకు ముందు ఏడాది జులైలో 300 మందికి పైగా ఆడవాళ్లు నౌకాదళ కార్యాలయం ఆవరణలోకి వచ్చారు. హాలండ్‌లో బందీలుగా ఉన్న తమ మనుషుల డబ్బు ఇమ్మని ఏడ్చారు, తిట్టారు. ఈ సంగతి రాసిపెట్టింది ఆ ఆఫీసులోనే పనిచేసిన శామ్యూల్ పీప్స్. మెడ్వే దాడి రోజుల్లో డచ్ ఓడల మీద నుంచి ఇంగ్లిష్ గొంతులు వినిపించాయని కూడా ఆయనే రాశాడు. ఇదివరకు చీటీల కోసం పోరాడాం, ఇప్పుడు డాలర్ల (డచ్‌వాళ్లిచ్చే వెండి నాణేల) కోసం పోరాడుతున్నాం అని వాళ్లు అరిచారట. జీతం ఎగ్గొట్టిన రాజ్యం తన మనుషుల్నే శత్రువుకు అప్పగించుకుంది.

అంతకు ముందు శతాబ్దపు ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ కట్టించిన ఓడల కథ అందరికీ తెలిసిందే. నా దృష్టిలో ఆయన చేసిన పెద్ద పని చివరి రోజుల్లో, 1546లో జరిగింది. ఓడల నిర్మాణం, మరమ్మతులు, సరుకులు, లెక్కలు చూడటానికి కోశాధికారి, సర్వేయరు, కంట్రోలర్ లాంటి అధికారులతో ఒక శాశ్వత మండలి పెట్టాడు. ఆయన యుద్ధనౌక 'మేరీ రోజ్' అంతకు ముందు ఏడాదే మునిగిపోయింది. ఆ మండలి మాత్రం దాదాపు మూడు శతాబ్దాలు నడిచింది.

పీప్స్ 1660లో ఆ మండలిలో చేరాడు. అప్పటికి ఓడల గురించి ఆయనకు ఏమీ తెలియదు. 29 ఏళ్ల వయసులో, ఓడలో పనిచేసే ఒక మేట్ దగ్గర కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నాడు. కలప ఎలా కొలవాలో, తాళ్ల నాణ్యత ఎలా చూడాలో తెలుసుకున్నాడు. తర్వాత నౌకాదళాన్ని నడిపే అడ్మిరల్టీకి కార్యదర్శి అయ్యాక 1677లో లెఫ్టినెంట్ పదవికి పరీక్ష పెట్టించాడు. ఎంత గొప్పింటి కొడుకైనా సముద్రం మీద పనిచేసి, పరీక్ష నెగ్గితేనే ఆ పదవి.

కాంట్రాక్టర్ల దగ్గర పీప్స్ కూడా కానుకలు పుచ్చుకున్నాడు కదా అంటారు కొందరు. నిజమే, పుచ్చుకున్నాడు. యుద్ధాలు గెలిచింది డ్రేక్, బ్లేక్ లాంటి వీరులే కదా అని కూడా అంటారు. వాళ్ల ధైర్యాన్ని నేను తక్కువ చేయను. కానీ 1588లో ఇంగ్లండ్ మీదికి దండెత్తి వచ్చిన స్పెయిన్ నౌకల దండును, స్పానిష్ ఆర్మడాను, తరిమాక ఏం జరిగింది? ఆ గెలిచిన నావికులే జీతం అందక, రోగాలతో మార్గేట్ అనే రేవు పట్టణం వీధుల్లో చనిపోతున్నారని సేనాధిపతి హోవర్డ్ స్వయంగా రాజాస్థానానికి రాయాల్సి వచ్చింది. వీరత్వం వాళ్లకు అన్నం పెట్టలేదు.

అసలు మెరుపు లాంటి ఆలోచన 1665లో ఖజానా అధికారి జార్జ్ డౌనింగ్‌కు వచ్చింది. డచ్ యుద్ధం కోసం పార్లమెంటు పన్నెండున్నర లక్షల పౌండ్లు మంజూరు చేసినప్పుడు ఆయన చట్టంలో ఒక నిబంధన పెట్టించాడు. అప్పిచ్చినవాళ్ల పేర్లు, సరుకు ఇచ్చినవాళ్ల పేర్లు వరుసగా రిజిస్టర్‌లో రాయాలి. ముందు వచ్చినవాడికే ముందు చెల్లించాలి. రాజుగారికి ఇష్టమైనవాడు వరుస తప్పించి దూరడానికి వీల్లేదు. సముద్రం మీద అధికారం అంటే నాకు ఇదే! యుద్ధం నడిపే రాజు కూడా ఒక పుస్తకంలోని వరుసకు కట్టుబడటం.

1672లో రెండో చార్లెస్ ఆ మాట తప్పాడు. ఖజానా చెల్లింపులు ఆపేసి, తనకు అప్పిచ్చిన లండన్ స్వర్ణకార బ్యాంకర్లను నట్టేట ముంచాడు. చెడిన పరపతి మళ్లీ కూడగట్టుకోవడానికి 1694 దాకా పట్టింది. ఆ ఏడాది బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పెట్టి, 12 లక్షల పౌండ్లను 8 శాతం వడ్డీకి ప్రభుత్వానికి ఇచ్చారు. ఆ వడ్డీకి ఫలానా పన్నుల ఆదాయం అని పార్లమెంటు చట్టంలో రాసింది. తర్వాతి శతాబ్దంలో ఆ నౌకాదళం ప్రపంచాన్ని చుట్టేసిందంటే, దాని వెనుక ఈ నమ్మకం ఉంది.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో బకాయిల వార్త చదివిన ప్రతిసారీ నాకు డౌనింగ్ రిజిస్టరే గుర్తొస్తుంది. సొంత డబ్బుతో ఊళ్లో పనులు చేయించి, పదవి పోయాక కూడా బిల్లుల కోసం ధర్నాలు చేసిన సర్పంచులున్నారు. బకాయిలు రాక ఆరోగ్యశ్రీ సేవలు ఆపేస్తామన్న ఆసుపత్రులున్నాయి. ఎప్పుడు డబ్బొస్తుందో తెలియని కాంట్రాక్టరు టెండర్లోనే ఆ టెన్షన్‌కు ధర కట్టి రేటు పెంచుతాడు, లేదా పనిలో కోత పెడతాడు. రెండింటి భారమూ జనం మీదే. ఏ పార్టీ ప్రభుత్వమైనా సరే, ప్రతి శాఖలో పెండింగ్ బిల్లుల జాబితాను తేదీలవారీగా, వరుస సంఖ్యలతో వెబ్‌సైట్లో పెట్టాలి. వరుస తప్పించి ఎవరికైనా చెల్లిస్తే, ఏ అధికారి సంతకంతో ఎందుకు చెల్లించారో పక్కనే రాయాలి.