ఎఫ్ కనెక్టర్ గారూ, తమరికో దండం

మహారాజశ్రీ ఎఫ్ కనెక్టర్ గారికి,

మైపాడు వైపు నుంచి వచ్చే ఉప్పుగాలిలో, మిద్దె మీద డిష్ కేబుల్ కొనను పట్టుకుని కూర్చున్న తమరు క్షేమమని తలుస్తాం. ఇక్కడ టీవీ డిష్‌తో సూర్యుడి రేడియో తరంగాలు కొలిచే మా గ్రాఫు మాత్రం క్షేమంగా లేదు.

నిన్న మధ్యాహ్నం సూర్యుడు డిష్‌కు ఎదురొచ్చే వేళకు శాట్ ఫైండర్ (సిగ్నల్ బలం చూపే మీటరు) ముల్లు లేచింది. లేచి దభీమని పడింది. మళ్ళీ లేచింది. సూర్యుడట్లా గంతులెయ్యడు కదండీ! 60 సెంటీమీటర్ల డిష్ 11 గిగాహెర్ట్‌జ్ దగ్గర చూసేది మూడు డిగ్రీల పైచిలుకు ఆకాశం. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు నడుస్తాడు. అంటే పన్నెండు, పదమూడు నిమిషాల్లో గీత నున్నగా ఉబ్బి నున్నగా దిగాలి. మెట్లుమెట్లుగా వచ్చిందంటే అది సూర్యుడు కాదు, తమరే. కేబుల్‌ను వేలితో తడితే ముల్లు ఎగిరింది. ఇంక సాక్షులెందుకు?

మిగతా వాళ్ళ తప్పులు మన్నించాం. ఆఫ్‌సెట్ డిష్ మొహం ఒక వైపు, చూపు ఇంకో వైపు. ఇరవై డిగ్రీలకు పైగా తేడా ఉన్నా సర్దుకున్నాం. ఏప్రిల్ ఆఖర్లో సూర్యుడు నెల్లూరుకు నడినెత్తికొస్తే డిష్‌ను దాదాపు విస్తరిలా వెల్లకిలా పరచాలి, కాకులు భోజనానికొస్తాయి. అదీ సరే. శాట్ ఫైండర్ కూత పెట్టి ఊరంతా లేపుతుంది. "టీవీ వస్తందా?" అని ఎదురు మిద్దె రోజూ అడుగుతుంది. పోనీండి. ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు నిలబడి సిగ్నల్ పట్టే డబ్బా) పాపం బంగారం: 13 నుంచి 18 వోల్టులిస్తే చాలు, మూతికి అడ్డంగా అరచెయ్యి పెట్టినా ఒంటి వేడికి ముల్లు లేపుతుంది.

తమరి సంగతే తెగడం లేదు. పేరుకు కనెక్టరే గానీ తమరికి సొంత సూది ఎక్కడిది? కేబుల్ లోపలి తీగనే సూదిగా పెట్టుకుని బతుకుతున్నారు. కాబట్టి తమరి పరువు కేబుల్ గీకేవాడి చేతిలో ఉంది. పై తొడుగు 12 మిల్లీమీటర్లు తియ్యాలి. దాని కిందున్న లోహపు అల్లికను వెనక్కి మడవాలి. తెల్ల నురుగును సగం కోసి 6 మిల్లీమీటర్ల తీగ బయట పెట్టాలి. నురుగు తమరి అడుగుకు ఆనాలి, తీగ తమరి అంచు దాటి రెండు, మూడు మిల్లీమీటర్లు బయటికి రావాలి. తక్కువైతే అందదు. ఎక్కువైతే ఎల్‌ఎన్‌బీ నోట్లో గుచ్చుకుంటుంది. అల్లికలో ఒక్క పోగు తీగకు తగిలినా 18 వోల్టులు షార్టు.

ఇంత మర్యాదగా తొడిగినా నెలలు గడవకముందే చిలుం. అల్యూమినియం అల్లిక, నికెల్ పూత, రాగి పూసిన ఉక్కు తీగ: మూడు లోహాలకు ఇందుకూరుపేట రొయ్యల గుంటల తేమ, సముద్రపు ఉప్పు తోడైతే అది కనెక్టరా, బ్యాటరీనా? పైగా ఎల్‌ఎన్‌బీ కరెంటు ఆ తీగ మీదే పోతుంది. తీగ పాజిటివ్ కాబట్టి తడి తగిలితే ముందు కరిగేది దాని రాగే. తర్వాత ఉక్కు తుప్పు. 15 కోట్ల కిలోమీటర్లు దాటి సూర్యుడి రేడియో తరంగం మిద్దె దాకా వచ్చి, ఆఖరి మూడు మిల్లీమీటర్ల దగ్గర తమరి గుమ్మంలో చచ్చిపోతోంది!

1937లో అమెరికాలోని వీటన్‌లో గ్రోట్ రీబర్ అనే హ్యామ్ (సరదాకు రేడియో నడిపేవాడు) ఆకాశపు రేడియో తరంగాలు పట్టడానికి పెరట్లో 31 అడుగుల డిష్ కట్టినప్పుడు తమరింకా పుట్టలేదు. అదృష్టవంతుడు.

పాలపుంతలోని హైడ్రోజన్ వాయువు రేడియో తరంగాల జోలికి పోతే ఇంకా అన్యాయం. అది 1420.4 మెగాహెర్ట్‌జ్ దగ్గర పలుకుతుంది. డిష్ టీవీ కేబుళ్ళలో ఎల్‌ఎన్‌బీ పంపేది 950 నుంచి 2150 మెగాహెర్ట్‌జ్. హైడ్రోజన్ ఆ రెంటి నడుమే పడింది. వీధిలో వదులుగా తిప్పి వదిలేసిన ప్రతి కనెక్టరూ ఇంట్లో సీరియల్‌ను ఆకాశంలోకి కారుస్తూ ఉంటుంది. తేడా పట్టడం కష్టమేం కాదు: గ్రాఫులో హైడ్రోజన్ గుట్ట వెడల్పుగా, వందల కిలోహెర్ట్‌జ్ మేర ఉంటుంది, రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు జరుగుతుంది. రోజూ సరిగ్గా సీరియల్ టైముకే వచ్చేది పాలపుంత కాదు. అది నువ్వే! నీ వదులు మరలూ, నీ దొంగ బిగింపూ! చేత్తో తిప్పి దోపే రకానివి, అల్లికను పట్టుకున్నట్టు నటిస్తావు, గాలొస్తే వదిలేస్తావు. నిన్నెవడు మిద్దెక్కించాడబ్బా?

సరే. నిజం చెప్పుకోవాలి గదా. టీ నీళ్ళ ఖరీదు లేని నువ్వు, ఒళ్ళు బాగున్న రోజున, రెండు గిగాహెర్ట్‌జ్ సిగ్నల్‌ను చక్కగా మోస్తావు. మార్చి నడుమ, సెప్టెంబరు ఆఖర్లో పగటిపూట కొద్ది నిమిషాలు ఇళ్ళల్లో టీవీ బొమ్మ పగులుతుంది చూశావా, ఆ పాపం మాత్రం నీది కాదు. సూర్యుడు ఉపగ్రహం వెనక్కొచ్చి నిలబడతాడంతే. ఆ రోజుల్లో ఎవరైనా నిన్ను తిడితే మేం అడ్డుపడతాం.

ఈసారి నొక్కి బిగించే రకాన్ని తెస్తున్నాం. లోపల సిలికాన్ గ్రీజు, కిందికి కేబుల్‌ను ఒక వంపు తిప్పి నీటిచుక్క అక్కడే జారేట్టు, పైన గట్టిగా లాగి చుట్టిన సైకిల్ ట్యూబు ముక్క. పీవీసీ టేపు వద్దు, ఎండకు బంకై కారుతుంది. రేపు పన్నెండుంబావుకు గీత నున్నగా రాకపోతే, కత్తిరించే ప్లయర్ పక్కనే ఉంది.

ఇట్లు,
మళ్ళీ కేబుల్ కొన గీకుతున్న హ్యామ్,
నెల్లూరు